చీమలు తిన్న నా మందు

నా చిన్నప్పుడు బడిలో నేను ఒకే ఒక్క విషయంలో అందరికంటే ముందుండేవాణ్ణి. గోక్కోవడంలో. లెక్కల్లో సున్నా వచ్చినా, తెలుగులో ఒత్తులు ఎగిరిపోయినా, రెండు చేతులతో రెండు మోచేతులను ఒకేసారి గోక్కోగలిగినవాడు సీతాఫల్‌మండి వాడ మొత్తంలో నేనొక్కణ్ణే. చేతులు కట్టుకుని నిలబడమని పంతులుగారు శిక్ష వేస్తే పిల్లలందరూ ఏడుపు ముఖం పెట్టేవారు. నాకు మాత్రం అది పండగ. చేతులు కట్టుకుంటేనే కదా, వేళ్ళు సరిగ్గా మోచేతి మడతల్లోకి చేరేది.

దాని పేరు ఎగ్జిమా అని ఇప్పుడు నాకు తెలుసు. ఆ రోజుల్లో మా వాడలో ఒంటి మీద ఏది లేచినా గజ్జి అనేవారు, అంతే. మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక, మణికట్టు చుట్టూ, అరచేతుల్లో చర్మం ఎర్రగా లేచి, పగిలి, పచ్చిగా ఉండేది. గోకితే హాయి, ఆగితే మంట. చలికాలం వస్తే బీడు భూమిలా బీటలు పడేది. గజ్జి అంటే అంటుకుంటుంది కాబట్టి, పిల్లలు నన్ను గోళీలాటలో చేర్చుకునేవారే గానీ నేను తాకిన గోటీని ముట్టుకునేవారు కాదు. అందువల్ల ఎన్నిసార్లు ఓడిపోయినా నా గోటీలు నా జేబులోనే ఉండేవి. ఓడినా పోగొట్టుకోనివాణ్ణి నేనొక్కణ్ణేనని అందరి ముందూ గొప్పలు చెప్పుకునేవాణ్ణి. ఇంటికొచ్చాక ఆ గోటీలతో గోడకు ఎదురుగా కూర్చుని ఒక్కణ్ణే ఆడుకునేవాణ్ణి.

బడిలో కూడా నాకు వేరే గోనెపట్టా వేసి తలుపు పక్కన కూర్చోబెట్టారు. తలుపు పక్కన కూర్చున్నవాడు ఎన్నాళ్ళు లోపల ఉంటాడు? ఏడో తరగతిలో ఒకరోజు బయటికి వచ్చాను, మళ్ళీ లోపలికి వెళ్ళడం మరిచిపోయాను. కానీ ఇప్పుడు చెప్పబోయేది అంతకు మూడు నాలుగేళ్ళ ముందు సంగతి.

దసరా సాయంత్రం జమ్మి ఆకు తెచ్చి, ఇల్లిల్లూ తిరిగి పెద్దల చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కడం మా దగ్గర ఆచారం. ఆ ఆకును బంగారం అంటాం. పెద్దలు అది తీసుకుని తల నిమిరి దీవిస్తారు. ఈడువాళ్ళయితే గట్టిగా కౌగిలించుకుని అలయ్ బలయ్ తీసుకుంటారు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, కొత్త చొక్కా వేసుకుని గుప్పెడు బంగారం పట్టుకుని ముందుగా పక్కింటి అక్క దగ్గరికి వెళ్ళాను. ఆమె మంచిదే. నాకు ఎన్నోసార్లు సకినాలు పెట్టింది. ఆమె నా చేతిని చూసి, చీర కొంగులో తన చెయ్యి దాచుకుని, "గా గడప మీద పెట్టు బిడ్డా, నేను తీసుకుంటగని" అంది. నవ్వుతూనే అంది. ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్ళినా ఎవరూ చెప్పకుండానే నేనే గడప మీద పెట్టి వచ్చేశాను. ఇక జన్మలో దసరాకు బంగారం పట్టుకోనని ఆ రోజే తీర్మానించుకున్నాను.

మా అమ్మ చేయని వైద్యం లేదు. కాగే వేపాకు నీళ్ళు, ఎర్ర సబ్బు, బీరపీచు. గజ్జి అంటే మురికి, మురికి అంటే తోమాలి అని ఆమె లెక్క. ఇత్తడి బిందె మీద కూడా ఆమె అంత ప్రేమ చూపించలేదు. రోజుకు రెండుసార్లు తోమేది. తోమినకొద్దీ నేను మెరవకుండా పగిలేవాణ్ణి. నేను ఏడ్చేవాణ్ణి, నన్ను తోముతూ ఆమె కూడా ఏడ్చేది.

మరుసటి ఏడు బోనాలు అయిపోయిన వారంలో ఆమె నన్ను రైలు తాతయ్య దగ్గరికి తీసుకెళ్ళింది. పట్టాలకు దగ్గరగా ఉన్న సందులో ఆయన ఇల్లు. శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చి, గూడ్స్ బండి గార్డుగా చేసి, పదవీ విరమణ తర్వాత ఇక్కడే ఉండిపోయాడు. పుస్తకాలు చదివి హోమియో నేర్చుకుని, వరండాలో ఒక బల్ల, ఒక బెంచీ, గాజు సీసాల చెక్కపెట్టె పెట్టుకుని వాడవాళ్ళకు మందులిచ్చేవాడు. మా అమ్మ వెళ్ళగానే, "డాక్టర్ సాబ్, వీని తోని మస్తు పరేషాన్ అయితుంది, జెర సూడుండ్రి" అంది.

"నేను డాక్టర్ని కాదమ్మా, గార్డుని," అన్నాడాయన. "బండిలో ఏటుందో సూసి రాసుకోడమే నా పని. కూకో."

నిజంగానే రాసుకున్నాడు. పొడుగాటి నోటు పుస్తకం తెరిచి, గంటసేపు నన్ను ప్రశ్నలడిగాడు. దురద ఎన్నింటికి మొదలవుతుంది, ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుంది, ఎండలో ఎక్కువా వానలో ఎక్కువా, పులుపు ఇష్టమా తీపి ఇష్టమా, స్నానం ఎలా చేయిస్తారు, ఏ పక్కకు తిరిగి పడుకుంటావు, కలలు వస్తాయా. అంతవరకు నన్ను ఎవరూ అన్ని మాటలు అడగలేదు. బడిలో అడిగేవారు గానీ వాటికి జవాబులు నాకు వచ్చేవి కావు. ఇక్కడ ప్రతి ప్రశ్నకూ జవాబు వచ్చు. మొదటిసారి నూటికి నూరు మార్కులు తెచ్చుకున్నవాడిలా బెంచీ మీద నిటారుగా కూర్చున్నాను.

చివరికి ఆయన, "ఏటి మీద పడుకుంటావురా?" అన్నాడు. మా తాత గొంగడి మీద అన్నాను. నల్లటి ఉన్ని గొంగడి, మా ఇంట్లో అంతకంటే విలువైనది లేదు. జబ్బు పిల్లవాణ్ణి కదా అని అమ్మ దాన్ని నాకే ఇచ్చింది. ఆయన కలం ఆపి, "సబ్బేటి, నీళ్ళేటి, గొంగడేటి, అన్నీ నువ్వు ప్రేమగా చేసినవేనమ్మా, అన్నీ వీడికి పడనివే" అని మా అమ్మతో మెల్లగా చెప్పాడు. ఇది మురికి వల్ల వచ్చింది కాదన్నాడు. కొందరి చర్మం పుట్టుకతోనే పలచన, దానిలో తడి నిలవదు, ఎండిపోతుంది, ఎండితే దురద పెడుతుంది, గోకితే పగులుతుంది, పగిలితే మళ్ళీ దురద. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదని కూడా చెప్పాడు. గొంగడి మానేసి పాత చీరల బొంత వేయమన్నాడు. సబ్బు, పీచు మానేసి గోరువెచ్చని నీళ్ళు పోసి, ఒళ్ళు పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె రాయమన్నాడు. గోళ్ళు పొట్టిగా కత్తిరించమన్నాడు. చీము గానీ జ్వరం గానీ వస్తే తన దగ్గరికి రాకుండా నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని రెండుసార్లు చెప్పాడు.

ఆ తర్వాత చెక్కపెట్టె తెరిచి, ఆవగింజలంత తెల్లని గుళికలున్న చిన్న సీసా నా ముందు పెట్టాడు. మందు ఎలా వేసుకోవాలో నాకే చెప్పాడు. "నాలుగు గోలీలు మూతలో పోసుకుని అలాగే నోట్లో ఏసుకోవాలి. చేత్తో ముట్టుకోకూడదు. నీ చెయ్యి దీనికి తగలకూడదు. ఇనపడిందా?"

చాలా బాగా వినపడింది. గంటసేపు నా ముఖంలోకి చూస్తూ మాట్లాడిన మనిషి నన్ను ఒక్కసారి కూడా తాకలేదని అప్పుడే గుర్తొచ్చింది. భూతద్దం పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, ప్లాట్‌ఫాం పక్కన ఆగిన రైలుపెట్టెను చూసినట్టు నా మోచేతులు చూశాడు, అంతే. అంటుకోదని ఒక నోటితో చెప్పి, చెయ్యి తగలకూడదని అదే నోటితో చెప్పాడు. ఆ వయసులో నేను రెండో మాటనే నమ్మాను. పక్కింటి అక్క గడప చూపించింది, ఈయన సీసా మూత చూపించాడు అనుకున్నాను. మందుకు కూడా నేను పనికిరాకపోతే ఇక ఆ మందు నాకెందుకు?

మా ఇంటి వెనక, బట్టలుతికే బండ పక్కన ఒక చీమల పుట్ట ఉండేది. పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు గుళికలు మూతలో పోసుకుని, అమ్మ చూస్తుండగా వెనక్కి నడిచి, చీమలకు పోసేవాణ్ణి. అవి ఒక్కో తెల్లని బంతిని నాలుగైదు కలిసి మోసుకెళ్ళేవి. చెయ్యి తగలకుండా మోసుకెళ్ళేవి. చీమలకు అసలు చేతులే లేవు కదా, నియమం ఎక్కడా తప్పలేదు. తిరిగొచ్చి అమ్మ ముందు చప్పరిస్తున్నట్టు నటించేవాణ్ణి. బడి మానేసినా నటనలో మాత్రం నాకు మంచి భవిష్యత్తు ఉండాల్సింది.

విచిత్రమేమిటంటే జబ్బు తగ్గుతూ వచ్చింది. పదిహేను రోజులకోసారి తాతయ్య నా మోచేతులు చూసి, నోటు పుస్తకంలో రాసుకుని, కొత్త సీసా ఇచ్చేవాడు. మోకాళ్ళ వెనక చర్మం మామూలు రంగుకు వచ్చింది. మోచేతులు మడిచినా నొప్పి లేదు. మణికట్ల దగ్గర, అరచేతుల్లో మాత్రం ఇంకా కొంచెం పచ్చి ఉంది. ఆయన ముఖం వెలిగిపోయేది. మా అమ్మ ఆయన బొమ్మ దొరికితే దేవుళ్ళ పక్కన పెట్టేలా ఉంది. వాళ్ళిద్దరూ అంత సంతోషంగా ఉంటే, మందు తిన్నది చీమలని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇంతలో దసరా వచ్చింది. జమ్మి ఆకు నా చేతిలో పెట్టి, "ముందుగాల డాక్టర్ సాబ్‌కు ఇచ్చి రా, నిన్ను మనిషిని జేసిండు" అంది అమ్మ. పోనన్నాను. చివరికి వెళ్ళాను. ఆయన వరండాలో ఏదో రాసుకుంటున్నాడు. నేను చప్పుడు చేయకుండా బెంచీ చివర ఆకు పెట్టి వెనక్కి తిరిగాను.

"ఒరే, ఏటది?"

"బంగారం తాతా. దసరాకు ఇస్తరు."

"ఇస్తే ఇవ్వు. బెంచీకి ఇచ్చి నాకిచ్చానంటావేటి?"

నేను నేలచూపులు చూస్తూ, "నా చెయ్యి తగలొద్దని మీరే అన్నరు గద" అన్నాను.

ఆయన కలం కింద పెట్టాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తన కుర్చీ పక్కన పీట వేసి, "కూకో. నేను లెమ్మనేవరకు లేవకు. ఎవరు వచ్చినా, మందు ఇచ్చేటప్పుడు నేనేటంటానో ఇను" అన్నాడు.

పండగ రోజైనా జబ్బులు ఆగవు. ముందుగా బట్టల దుకాణం ఆయన వచ్చాడు, వేళ్ళకు నాలుగు ఉంగరాలు. తాతయ్య సీసా ఇచ్చి, "చేత్తో ముట్టుకోకండి, మూతలో పోసుకోండి" అన్నాడు. తర్వాత ఒక కొత్త కోడలు, గోరింటాకు ఇంకా ఎర్రగా ఉంది. "చేత్తో ముట్టుకోకమ్మా, మూతలో పోసుకో." ఆ తర్వాత గుడి అయ్యగారు దగ్గుతో వచ్చాడు. ఊరందరి చేతుల్లో తీర్థం పోసే మనిషి. ఆయనకూ అదే మాట. నా చెవులు వేడెక్కడం మొదలైంది. అయ్యగారు వెళ్ళాక తాతయ్య నా వైపు చూసి, "వీళ్ళందరికీ కూడా గజ్జేనేటి?" అన్నాడు.

చెమట తగిలితే గుళిక మీది మందు పోతుందని హోమియోలో ఒక పట్టింపట. ఎవరి చేతికైనా అదే నియమమట. నాకు విడిగా పెట్టింది కాదు. అలా అని చెప్పి ఊరుకోకుండా ఆయన ఒక సీసా తీసి, నా అరచెయ్యి తెరిపించి, పచ్చిగా ఉన్న చోటే నాలుగు గుళికలు పోశాడు. ఒక్కొక్కటి తన వేళ్ళతో తీసి నోట్లో వేసుకుని, నింపాదిగా చప్పరించాడు. ముప్పై ఏళ్ళు ఎర్రజెండా చూస్తే ఆగిన మనిషి, తన నియమాన్ని తానే దాటి వెళ్ళిపోయాడు. తర్వాత ఆ చేతినే చాపి, "ఏదీ, నా బంగారం?" అన్నాడు.

ఇచ్చాను. ఇచ్చి, ఏడుస్తూ, చీమల సంగతి మొత్తం చెప్పేశాను. తంతాడనుకున్నాను. ఆయన నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకున్నాడు. నోటు పుస్తకంలో నా పేజీ తీసి, రెండున్నర నెలలుగా గర్వంగా రాసుకున్నదంతా ఒకసారి చదువుకుని, కింద ఇంకో వాక్యం రాశాడు. నాకు చదివి వినిపించాడు కూడా. మందు చీమలు తిన్నవి, గుణం పిల్లడికి కనిపించినది, గొంగడిని మాత్రం మళ్ళీ ఇంట్లోకి రానివ్వకూడదు. నేనే ఆయన అయితే ఆ పేజీ చింపేసేవాణ్ణి.

అక్కడితో అయిపోలేదు. ఆయన పంచె సర్దుకుని లేచి, "మా వైపు జమ్మి పూజ ఉంది గానీ ఇల్లిల్లూ తిరగడం నాకు తెలీదు. నేర్పుతావేటి?" అన్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. వేలు కాదు, అరచెయ్యి అరచేతిలో. అలా సందంతా నడిచాం. వాడంతా ఆయన మందు తిన్నదే. గుమ్మాల్లో నిలబడినవాళ్ళు ఆయన ముఖం చూసి, మా చేతులు చూసి, మళ్ళీ ఆయన ముఖం చూశారు. ఆయన ఎవరికీ ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు. పక్కింటి అక్క గడప దగ్గర ఆగి, "ఈడు నాకు గురువమ్మా, ముందు ఈడి దగ్గర తీసుకో" అన్నాడు. ఆమె ఒక్క క్షణం ఆగింది. తర్వాత కొంగులోంచి చెయ్యి బయటికి తీసి చాపింది. నేను బంగారం పెట్టాను. ఆమె తల నిమిరింది, చాలాసేపు నిమిరింది. నాకు తల మీద ఎగ్జిమా ఉండి ఉంటే అది కూడా పోయేది.

ఆ తర్వాత కూడా తాతయ్య నాకు గుళికలు ఇచ్చాడు, నేను తిన్నాను. తియ్యగా ఉండేవి. అవి ఏం చేశాయో నాకు తెలియదు. నన్ను అడిగితే బొంత, నూనె చేశాయంటాను. మా అమ్మ మాత్రం చివరివరకు గోలీలే నయం చేశాయని చెప్పింది, చీమల సంగతి తెలిశాక కూడా. పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. ఇప్పటికీ చలికాలంలో వేళ్ళ సందుల్లో పలకరిస్తుంది. కార్ఖానా బస్తీలో ఉండే చర్మం డాక్టరమ్మ రాసిచ్చిన ట్యూబు, ఆమె చెప్పినన్ని రోజులే రాస్తాను. ఇది ఎందుకొస్తుందని నేను అడిగితే ఆమె చెప్పిన మాటలు, ఆనాటి గార్డు మాటల కంటే పొడుగ్గా ఉన్నాయే గానీ వేరుగా లేవు.

బడి మానేశాక ఎన్నో పనులు చేసి, చివరికి మిర్చి బజ్జీల బండి పెట్టుకున్నాను. ఎవరూ చేతిలోంచి ఆకు కూడా తీసుకోనివాడి చేతి తిండి కోసం ఇప్పుడు జనం వరసలో నిలబడతారు. బండి దగ్గర నాకు ఒక అలవాటుంది. ఎవరికి ప్లేటు ఇచ్చినా చెక్క మీద పెట్టి ముందుకు తోయను. ఎంత రద్దీగా ఉన్నా చేతికే ఇస్తాను. ఎవరికైనా ఏదైనా వద్దని చెప్పాల్సి వస్తే, ఆ వద్దు నీ ఒక్కడికే కాదని కూడా కలిపి చెబుతాను. ఆ సాయంత్రం నుంచి నా దగ్గర మిగిలినవి ఈ రెండే.

మొన్న దసరాకు మా మనవరాలు వచ్చింది. దానికి ఎనిమిదేళ్ళు. నా ఆస్తిలో దానికి ముందుగా అందింది ఈ ఎగ్జిమాయే. బడిలో ఎవరో పక్కన కూర్చోనన్నారట, ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుని తిరుగుతోంది. బండి దగ్గర పిండి కలుపుతూనే దానికి ఈ కథ మొత్తం చెప్పాను. చీమల దగ్గర నవ్వింది, అక్క గడప దగ్గర నవ్వలేదు. కథ అయిపోయేసరికి అది తనంతట తానే చొక్కా చేతులు పైకి మడిచి, నా గల్లాపెట్టె మీదున్న జమ్మి ఆకు తీసుకుని చెయ్యి ముందుకు చాపింది. నా కళ్ళు చెమర్చాయి. ఆనాటి తాతయ్యలాగే నేను కూడా గంభీరంగా నా చెయ్యి చాపి, "ఏదీ, నా బంగారం?" అన్నాను.

అది టక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. నన్ను కిందికీ మీదికీ చూసి అంది: "కథ మస్తుంది తాతా. కానీ ముందుగాల చెయ్యి కడుక్కొని రాపో. గా మిర్చి చేతితోని నన్ను ముట్టుకుంటే మండుతది. నీకొక్కనికే కాదులే, బండి మీద పనిచేసేటోళ్ళందరికీ గిదే రూలు."